పుట్టి అంటే ఎన్ని కిలోలన్నా?

ప్రశ్న: టీవీలో వడ్ల రేటు క్వింటాలుకి చెప్తారు, కల్లం కాడికొచ్చిన దళారేమో పుట్టికి ఇంత అంటాడు. ఇంతకీ ఈ పుట్టి ఏందన్నా?
(ఒక కౌలురైతు, కోవూరు)

జవాబు: తమ్ముడూ, పుట్టి అసలు తూకమే కాదు, కొలత. నాలుగు కుంచాలైతే తూము, ఇరవై తూములైతే పుట్టి. కుంచం ఊరికో సైజుంటే పుట్టి కూడా ఊరికో సైజు అన్నమాట. 1956లో తూనికల చట్టం వచ్చాక కుంచం అటకెక్కింది గానీ పేరు పోలా, పుట్టెడు దుఃఖం అనే మాట పోనట్టే. ఇప్పుడు మన నెల్లూరులో పుట్టంటే 850 కిలోల లెక్క.

అసలు ఆట ఇక్కడే. 2025-26కి మద్దతు ధర మామూలు రకానికి క్వింటాలు 2369, అంటే పుట్టికి 20136 చిల్లర. దళారి ఇరవై వేలన్నాడనుకో, నూట ముప్పయ్యే కదా తేడా పోనీలే అనిపిస్తది. తీరా కాటా కాడ తేమ, తాలు, తరుగు అని 950 కిలోలు తూచి అదే పుట్టి అన్నాడంటే నీకు పడింది క్వింటాలుకి 2105. తేమ 17 శాతం దాకా మద్దతు ధరకే కొనాలని రూలుంది, కానీ కల్లంలో ఆ తేమ కొలిచే మిషను ఎవరి చేతిలో ఉంటదో నీకు తెలుసుగా.

మా నాయన ఒక ఏడు మూడ్రోజులు బేరమాడి పుట్టికి రెండొందలు పెంచుకొని మీసం తిప్పుకుంటా వచ్చాడు, అప్పుడు పుట్టి పదివేలుండేది. కాటా కాడ పుట్టికి యాభై కిలోలు ఎక్కువ లాగారు, అంటే ఆరొందలు దాకా పోయినట్టే. మా అమ్మ ఇప్పటికీ దెప్పుద్ది. అందుకే ముందు ఎన్ని కిలోలో అడుగు, రేటు తర్వాత.

ప్రశ్న: మా అత్తగారోళ్ళకి రొయ్యల చెరువుంది. కౌంటు తగ్గింది అని సంతోషపడతారేంటి? అర్థంకాక తలూపుతున్నా.
(ఒక కొత్త కోడలు, ఒంగోలు)

జవాబు: కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి అని చెల్లెమ్మా. వంద కౌంటంటే ఒక్కోటి 10 గ్రాములు, ముప్పై కౌంటంటే 33 గ్రాములు. రొయ్య లావయ్యే కొద్దీ కౌంటు తగ్గుద్ది, కిలో రేటు పెరుగుద్ది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే కాబట్టి 2025 ఆగస్టు 27న వాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఇక్కడ చెరువు గట్ల మీద గుబులు పుట్టింది. సుంకం మన చేతిలో లేదు, కౌంటు తేల్చడానికి రొయ్యలు తీసి లెక్కబెట్టే శాంపిల్ బుట్ట ఉంది. బుట్టలో పది చిన్నవి ఎక్కువ పడినా కౌంటు మారిపోద్ది, ఆ రేటే మొత్తం చెరువుకి కడతారు. చెరువులో రొయ్యలు పట్టే రోజు నువ్వే దగ్గర నిలబడి లెక్కబెట్టు, మీ అత్తగారు ఏమీ అనుకోదులే.