ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కలిసి కథ రాయడంలో ఏముందంటే

"బొమ్మలు లేవు, శబ్దం లేదు, చివర్లో గెలుపూ లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో పాత్రలుగా మారిపోయి గంటలకొద్దీ టైప్ చేసుకోవడంలో అంత ఆనందం ఏముంది?" అని అడిగారు. దీన్ని టెక్స్ట్ రోల్‌ప్లే అంటారు: ఒక్కొక్కరం ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా పోస్టులు రాస్తూ కథ నడిపించుకుంటాం. ఏడేళ్ళుగా ఇందులో ఉన్నాను, మధ్యలో రెండుసార్లు మానేసి మళ్ళీ వచ్చాను. నాకు జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

నేను ఆడిన మొదటి పెద్ద కథలో నాది ఒక ముసలి పడవవాడి పాత్ర. యుద్ధం ముగిసిన రాజ్యం, మధ్యలో నది, ఒడ్డున ఇతని పడవ. వీరుడు కాడు, మంత్రాలు రావు. మొదటి పోస్టులో అతను పడవకి తాడు కడుతున్నాడని రాస్తూ, వాక్యం కాస్త నిండుగా ఉంటుందని, ఎడమచేతికి చిటికెన వేలు లేదని రాసేశాను. ఎందుకు లేదో నాకే తెలియదు. తర్వాత ఆ మాటే మర్చిపోయాను.

నాలుగు నెలలు గడిచాయి. సైన్యం నుంచి పారిపోయి వచ్చిన సైనికురాలి పాత్రని ఒకావిడ ఆడేవారు. ఒక రాత్రి ఆవిడ రాసిన పోస్టులో ఆ సైనికురాలు చీకట్లో పడవ ఎక్కడానికి ముసలాయన చెయ్యి అందుకుంటుంది. నాలుగు వేళ్ళే తగులుతాయి. ఆగిపోయి, "మా నాన్న చెప్పిన పడవవాడివి నువ్వేనా?" అని అడుగుతుంది.

అరగంటసేపు నేను ఒక్క అక్షరం కూడా టైప్ చెయ్యలేకపోయాను. నేను ఊరికే విసిరేసిన మాటని ఎవరో ఏరి, నాలుగు నెలలు దాచి, సరైన చోట తెచ్చి నా ముందు పెట్టారు. ఆ వేలు ఎలా పోయిందో ఆ రాత్రే ఇద్దరం కలిసి తేల్చాం: వరదలో సైనికురాలి తండ్రిని దాటించేటప్పుడు తాడు బిగుసుకుని వేలు తెగిపోయింది. అలా జరిగిందని అంతకుముందు ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

నా మటుకు జవాబు ఇదే. ఇక్కడ మనం రాసింది అవతలివాళ్ళు నిజంగా చదువుతారు. మామూలుగా ఏదైనా రాసి పెడితే చాలామంది పైపైన చూసి వెళ్ళిపోతారు. ఇక్కడ అలా కుదరదు. నా పోస్టులో నా పాత్ర తలుపు దగ్గర నిలబడిందా, కిటికీ దగ్గరా, గొంతు వణికిందా లేదా, ఇవన్నీ గమనించకపోతే అవతలి మనిషి తన తర్వాతి పోస్టు రాయలేరు. ఆటే అలా కట్టి ఉంది. నేనూ అంతే శ్రద్ధగా చదవాలి. ఒకరి మాటని అంత జాగ్రత్తగా చదివే సందర్భం నాకు మిగతా రోజంతా వెతికినా దొరకదు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన సరదా కూడా కాదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట అచ్చయినప్పుడు జనం ఒక బల్ల చుట్టూ కూర్చుని, నోటితో కథ చెప్పుకుంటూ ఆడేవాళ్ళు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మడ్ అనే ఆటని మొదలుపెట్టాడు, తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దాన్ని పూర్తిచేశాడు. పేరులో ఉన్న మూడు ఇంగ్లీషు అక్షరాల అర్థం మల్టీ యూజర్ డంజన్. బొమ్మ ఒక్కటీ లేదు. గది ఎలా ఉందో, ఎదురుగా ఎవరున్నారో అంతా మాటల్లోనే. అందులో రాక్షసుల్ని చంపి పాయింట్లు కూడబెట్టుకోవచ్చు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది దాని తర్వాత వచ్చిన టైనీమడ్. 1989లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన ఆ ప్రోగ్రామ్‌లో పోరాటానికి పెద్దగా చోటే లేదు. అయినా జనం వచ్చారు. గదులు కట్టుకున్నారు, కబుర్లు చెప్పుకున్నారు, పాత్రలుగా ఉండిపోయారు. గెలుపు తీసేసినా మిగిలింది చాలింది వాళ్ళకి.

బార్టిల్ తర్వాత 1996లో ఒక వ్యాసంలో ఆటగాళ్ళని పేక రంగులతో నాలుగు రకాలుగా విడదీశాడు. సాధించాలనుకునేవాళ్ళు డైమండ్లు, కొత్త చోట్లు తవ్వి చూసేవాళ్ళు స్పేడులు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు హార్టులు, ఇతరుల మీద పడేవాళ్ళు క్లబ్బులు. నేను కచ్చితంగా హార్టుని. మీరు డైమండ్ అయితే ఈ ఆట మీకు నీరసంగా అనిపించొచ్చు. అందులో మీ తప్పేమీ లేదు.

బొమ్మలు లేకపోవడం లోటే కదా అంటారు. నాకు అది వరంలా తోస్తుంది. నేను "నది" అని రాస్తే నా నది నాకుంటుంది, ఆవిడ నది ఆవిడకుంటుంది. రెండూ ఒకటి కావు, కానీ రెండింటి మీదా ఒకే పడవ నడుస్తుంది. ఇంకోటి, తొందర లేదు. ఎదురుగా కూర్చుని ఆడితే సమాధానం వెంటనే తట్టాలి. రాతలో అయితే ఒక పూట ఆలోచించుకోవచ్చు, ఒక మాట కొట్టేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. నలుగురిలో నోరు పెగలని నాలాంటివాళ్ళకి ఆ పూట ఎంత విలువైనదో చెప్పలేను. పని చేసుకుంటూ, నడుస్తూ, ముసలాయన ఇప్పుడు ఏమంటాడా అని ఆలోచించేదాన్ని. అవతలి నుంచి పోస్టు వచ్చిందని నోటిఫికేషన్ చూడగానే గుండె ఝల్లుమనేది. ఇప్పటికీ అంతే.

తెలుగులో ఆడితే ఇంకో రుచి ఉంది. మా భాషలో నువ్వా, మీరా అని తేల్చుకోకుండా ఎదుటి మనిషితో ఒక్క వాక్యం రాయడం కష్టం. మా సైనికురాలు నాలుగు నెలలూ పడవవాణ్ణి "నువ్వు" అనే పిలిచింది, అధికారంలో ఉన్నవాళ్ళు పిలిచినట్టు. వేలి కథ తెలిసిన తర్వాత వచ్చిన పోస్టులో "మీరు కూర్చోండి, తెడ్డు నేను వేస్తాను" అంది. కన్నీళ్ళ గురించి, కృతజ్ఞత గురించి ఒక్క మాట లేదు. "మీరు" అన్న ఒక్క మాటలో అంతా ఉంది. నేను చదివిన వాక్యాల్లో అదొకటి ఎప్పటికీ గుర్తుంటుంది.

పాత్ర ముసుగు వెనక నుంచి నేను నేర్చుకున్నది కూడా ఉంది. మా ముసలాయన ఎవరికీ భయపడడు. సేనాపతి వచ్చి పడవ అప్పగించమంటే "కుదరదు" అంటాడు, కారణం కూడా చెప్పడు. ఆ మాట అతని నోట పదిసార్లు రాసిన తర్వాత, నా సొంత జీవితంలో ఒకరికి కుదరదని చెప్పగలిగాను. ఆటే నన్ను మార్చేసిందని అనను. ఆ మాట ఎలా ఉంటుందో ముందుగా అని చూసుకునే చోటు దొరికింది.

ఇబ్బందులు దాచను. మొదటిది గాడ్‌మోడింగ్, అంటే ఇంకొకరి పాత్ర ఏం చేసిందో మనమే రాసేయడం. ఒకసారి ఒక కొత్త ఆటగాడు వచ్చి, తన కత్తి దెబ్బకి పడవవాడు మోకాళ్ళ మీద పడి ప్రాణభిక్ష అడిగాడని రాసేశాడు. నాకు ఒళ్ళు మండింది. నా చేతిలోంచి నా మనిషిని లాక్కున్నట్టు అనిపించింది. "కత్తి ఎత్తాను" వరకే మన హక్కు, తగిలిందా లేదా అన్నది అవతలివాళ్ళది. ఈ ఒక్క మర్యాద లేకపోతే ఆట నిలవదు.

రెండోది బ్లీడ్. పాత్ర బాధ మనిషికి అంటుకోవడం, మన బాధ పాత్రలోకి కారడం. కథలో ఒక చావు రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆటకి బయట మాట్లాడుకునే మాటల్ని జంట బ్రాకెట్లలో రాస్తారు, ఓఓసీ (అవుట్ ఆఫ్ క్యారెక్టర్) అంటారు. ఆవిడ ఆ బ్రాకెట్లలో "మీరు బాగానే ఉన్నారా? రెండు రోజులు ఆపుదామా?" అని అడిగారు. ఆపాం. అలా అడిగేవాళ్ళతోనే బరువైన కథలు ఆడాలి. లేదంటే వద్దు.

ఇక మనుషులు చెప్పాపెట్టకుండా మాయమైపోవడం. రెండేళ్ళు ఆడాక ఆవిడ పోస్టులు ఆగిపోయాయి. ఏమైందో తెలియదు, పేరు కూడా తెలియదు కాబట్టి అడగడానికి దారి లేదు. బాగుండి ఉంటే చాలనుకున్నాను. ఆ కథని ఇంకెవరితోనూ కొనసాగించలేదు.

మీకు చూడాలనిపిస్తే ఒక్క మనిషితో, చిన్న సన్నివేశంతో మొదలుపెట్టండి. నలభై మంది ఉన్న గుంపులో తొలిరోజే దూకితే ఎవరి పోస్టు ఎవరికో అర్థం కాదు. ఎన్ని రోజులకోసారి రాయగలరో, కథలో ఏ విషయం రాకూడదో ఓఓసీలో ముందే మాట్లాడుకోండి. మీ పాత్ర ఎవరో చెప్పే క్యారెక్టర్ షీట్ పది పేజీలు అక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. మొదటి పోస్టుని మాత్రం అవతలివాళ్ళు ఏదో ఒకటి చేయగలిగే చోట ఆపండి: తలుపు తట్టిన దగ్గర, ప్రశ్న అడిగిన దగ్గర, చెయ్యి చాచిన దగ్గర.