రఫ్ రైడర్స్ వల్లే అమెరికా ప్రపంచ శక్తి అయిందా?

"రఫ్ రైడర్స్ అనే వాలంటీర్ గుర్రపు దళమే అమెరికాను ప్రపంచ శక్తిగా మార్చిందంటారు, నిజమేనా?" అని అడిగారు. నేను ఎనిమిదేళ్లుగా శాన్ ఆంటోనియోలో ఉంటున్నాను. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి ఆ దళం తయారైంది ఈ ఊళ్లోనే. మనవాళ్లు ఎవరొచ్చినా అలామో అనే పాత కోట చూపించి, పక్కనే ఉన్న మెంగర్ హోటల్ బార్‌కి తీసుకెళ్తాను. ఆ దళం అధికారి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్వెల్ట్ అక్కడే కూర్చుని దళంలోకి మనుషుల్ని చేర్చుకున్నాడని చెప్తారు. (మందు పోయించి మరీ సంతకం పెట్టించాడన్నది గైడ్ల మసాలా అని నా అనుమానం.)

మొన్న మా మామగారికి క్యూబాలో వాళ్లు పోరాడిన శాన్ హువాన్ కొండ మీద ఆ దళం దిగిన ఫొటో ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "గుర్రపు దళమన్నావు, గుర్రాలేవయ్యా?" అన్నారు.

అవి ఫ్లోరిడాలోనే ఉండిపోయాయి! టాంపా రేవులో ఓడలు చాలక, ఆఫీసర్ల గుర్రాలు తప్ప మిగతావన్నీ వదిలేశారు. దళంలో మూడో వంతు మనుషులూ అక్కడే ఆగిపోయారు. అరిజోనా కౌబాయ్‌లు, హార్వర్డ్ కుర్రాళ్లు క్యూబా ఎండలో నడిచే పోరాడారు. జులై 1న వాళ్లతో పాటు కొండ ఎక్కినవాళ్లలో 9, 10 అశ్విక దళాల నల్లజాతి సైనికులూ ఉన్నారు. పేరు మాత్రం రూజ్వెల్ట్‌కి వచ్చింది. వెంట విలేకర్లున్నారు మరి.

నన్నడిగితే, రూజ్వెల్ట్ చేసిన అసలు పని ఆఫీసులో జరిగింది. దళంలో చేరకముందు నౌకాదళ సహాయ కార్యదర్శిగా ఉండగా, ఫిబ్రవరి 25న, పై మంత్రి సీట్లో లేని పూట చూసుకుని, ఓడల్ని హాంకాంగ్‌లో చేర్చి బొగ్గు నింపుకుని సిద్ధంగా ఉండమని ఆసియాలోని అమెరికా నౌకల అధిపతి డ్యూయీకి టెలిగ్రాం కొట్టాడు. యుద్ధం మొదలైన వారంలోపే, మే 1న, డ్యూయీ అప్పట్లో స్పెయిన్ పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్‌లోని మనీలా తీరంలో స్పెయిన్ నౌకల్ని కొన్ని గంటల్లో నాశనం చేశాడు. డిసెంబర్‌లో పారిస్ ఒప్పందంతో ప్యూర్టోరికో, గువామ్, 2 కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ అమెరికా చేతికొచ్చాయి.

మరి ఆ దళం పాత్ర ఏమీ లేదా అంటే, ఉంది. ఆ కొండ పేరుతోనే రూజ్వెల్ట్ న్యూయార్క్ గవర్నర్ ఎన్నిక గెలిచాడు, తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడు. 1901లో అధ్యక్షుడు మెకిన్లీ హత్యతో అధ్యక్షుడయ్యాక పనామా కాలువ పని మొదలుపెట్టాడు, 16 యుద్ధనౌకల్ని ప్రపంచం చుట్టి రమ్మని పంపాడు.

ఫిలిప్పీన్స్ వాళ్లు మాత్రం ఊరుకోలేదు. 1899లో అమెరికా మీద తిరగబడి మూడేళ్లకు పైగా పోరాడారు. మీ ప్రశ్న మీద ఇంకా ఆసక్తి ఉంటే, ముందు ఆ యుద్ధం గురించి చదవండి.