పల్లె కన్సర్వేటివ్ కాంగ్రెస్ సభ్యుడు ఊరికి ఏం చేస్తాడు? పడమటి కాన్సాస్‌లో నేను చూసింది

ప్రశ్న: "అమెరికాలో పల్లె ప్రాంతాల నుంచి గెలిచే కన్సర్వేటివ్ కాంగ్రెస్ సభ్యులు టీవీలో దేశ రాజకీయాలు దంచడం తప్ప, గెలిపించిన ఊళ్ళకి నిజంగా ఏమైనా చేస్తారా?"

చేస్తారు. కాకపోతే మనం అలవాటుగా వెతికే చోట అది కనపడదు. (కాంగ్రెస్ అంటే ఇక్కడ అమెరికా పార్లమెంటు, హౌస్, సెనేట్ అని దానికి రెండు సభలు. మన హస్తం గుర్తు పార్టీ కాదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పినప్పుడల్లా మా నాన్నకి ఈ ముక్క మళ్ళీ చెప్పాల్సి వచ్చేది.)

2014 నుంచి 2018 దాకా మేం పడమటి కాన్సాస్‌లో ఓ చిన్న ఊళ్ళో ఉన్నాం. మా ఆవిడ డాక్టరు. రెసిడెన్సీ (డాక్టర్లు ఆసుపత్రిలో చేసే ట్రైనింగ్) జె-1 వీసా మీద చేసింది. ఆ వీసా మీద చదివినవాళ్ళు తర్వాత రెండేళ్ళు సొంత దేశం వెళ్ళి ఉండాలి, లేదంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. ఈ రెండో దారి పేరు కాన్‌రాడ్ 30. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్‌రాడ్ 1994లో పెట్టించాడు. అప్పట్లో రాష్ట్రానికి ఏడాదికి 20 మంది, తర్వాత 30 చేశారు. అమెరికా పల్లెల్లో మన తెలుగు డాక్టర్లు ఇంతమంది కనపడటానికి ఇదో పెద్ద కారణం. నేనేమో హెచ్-4 మీద, అంటే డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం చేయడానికి పర్మిషన్ లేదు, వంట చేయడానికి ఉంది. తీరిక ఎక్కువై ఊళ్ళో ఏ మీటింగ్ జరిగినా వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఓటు లేదు కాబట్టి పార్టీ గొడవా లేదు.

ఆ నియోజకవర్గం కాన్సాస్ ఒకటో నంబరు, అందరూ 'బిగ్ ఫస్ట్' అంటారు. రాష్ట్రంలో 105 కౌంటీలుంటే (మన జిల్లాల్లాంటివి) సగానికి పైగా అందులోనే. జనం మాత్రం ఏ నియోజకవర్గానికైనా ఉన్నంతే, ఏడు లక్షల పైచిలుకు. గోధుమ, మొక్కజొన్న, జొన్న, వేల పశువుల్ని మేపే ఫీడ్‌లాట్లు, డాడ్జ్ సిటీ, గార్డెన్ సిటీ వైపు మాంసం ప్లాంట్లు. జొన్నలో అమెరికాలో మొదటి స్థానం కాన్సాస్‌దే, అయినా ఊళ్ళో ఒక్కరికీ జొన్నరొట్టె తెలీదు. చాలావరకు దాణాకీ ఇథనాల్‌కీ పోతుంది. రాజకీయానికొస్తే రిపబ్లికన్ కంచుకోట. నవంబరులో జరిగేది లాంఛనమే, అసలు ఎన్నిక ఆగస్టులో వాళ్ళ పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగులోనే అయిపోతుంది.

మన దగ్గర పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి ముందు అర్జీలు పట్టుకుని నిలబడతాం కదా, ఆ లెక్కన చూస్తే అక్కడి కాంగ్రెస్ సభ్యుడి చేతిలో ఏమీ లేదనిపిస్తుంది. రోడ్డు మీద గుంత పడితే కౌంటీ కమిషనర్ల దగ్గరికి పోవాలి. బడి సంగతి స్కూల్ బోర్డు చూస్తుంది. బోరు నీళ్ళ హక్కులు రాష్ట్రానివి. ఒగల్లాలా అని ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న భూగర్భజలం అక్కడ ఏటా అడుగంటుతోంది. రైతుల గుండె దడ అంతా దాని గురించే, అయినా కాంగ్రెస్ సభ్యుడిని ఎవరూ దాని మీద పెద్దగా నిలదీయరు.

మరి ఏం అడుగుతారు? నేను చూసిన మొదటి టౌన్‌హాల్ మీటింగ్ (నాయకుడు వచ్చి జనం ప్రశ్నలకి జవాబు చెప్పే సభ) కౌంటీ కోర్టు భవనం కింద గదిలో జరిగింది. ఇనుప మడత కుర్చీలు, థర్మోకోల్ కప్పుల్లో నీళ్ళ కాఫీ, విత్తనాల కంపెనీ టోపీలు పెట్టుకున్న అరవై దాటిన రైతులు ముప్ఫై మంది. మాట్లాడింది ఎవరో చెప్పను, తర్వాత చూసినవాళ్ళూ ఇంచుమించు అలాగే మాట్లాడారు. మొదటి ఇరవై నిమిషాలు వాషింగ్టన్ ఎంత చెడిపోయిందో, అప్పు ఎన్ని లక్షల కోట్ల డాలర్లయిందో. అందరూ తలలూపారు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటిది ఓ అడవి కోడి గురించి.

నవ్వు ఆపుకున్నాను. కానీ అది నవ్వులాట కాదు. లెస్సర్ ప్రెయిరీ చికెన్ అనే ఆ పక్షిని 2014లో కేంద్రం ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. దాంతో అది తిరిగే గడ్డిభూముల్లో దున్నాలన్నా, ఆయిల్ బావి తవ్వాలన్నా లేనిపోని తంటా వస్తుందని రైతుల భయం. మరుసటేడు టెక్సాస్‌లో ఓ ఫెడరల్ జడ్జి ఆ నిర్ణయం కొట్టేశాడు. ఇంకో మీటింగులో అంతా పర్యావరణ శాఖ తెచ్చిన నీళ్ళ రూల్ గురించే. పొలంలో వాన పడితే నిండే గుంటకి కూడా వాషింగ్టన్ పర్మిషన్ కావాలా అని. 'కేంద్రం జోక్యం' అని మనం టీవీలో వింటే పడికట్టు మాటలా ఉంటుంది. అక్కడ ఆ మాటకి అర్థం ఓ గుంట, ఓ కోడి. దేశ సమస్యా స్థానిక సమస్యా అని గీత గీయడం ఆ గదిలో నాకు చేతకాలేదు.

మా ఆవిడ పనిచేసిన ఆసుపత్రే చూడండి. 25 పడకలు మించని పల్లె ఆసుపత్రులకి కాంగ్రెస్ 1997లో మొదలుపెట్టి, తర్వాత పెంచిన ఒక ఏర్పాటు ఉంది. మెడికేర్ (ముసలివాళ్ళకి కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా) పేషెంట్ల మీద వాళ్ళకయ్యే ఖర్చు మొత్తం ఇచ్చి, పైన ఒక శాతం కలిపి ఇస్తారు. అంటే నూటికి నూట ఒకటి. 2011లో ఖర్చు తగ్గించాల్సిందే అని రిపబ్లికన్లు పట్టుబడితే వచ్చిన చట్టం వల్ల, 2013 నుంచి మెడికేర్ చెల్లింపుల్లో రెండు శాతం కోత పడింది. నూట ఒకటి కాస్తా సుమారు తొంభైతొమ్మిది. పేషెంట్లలో ఎక్కువమంది ముసలివాళ్ళే, అందరికీ మెడికేరే. ఆసుపత్రి అకౌంట్స్ చూసే ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఈ లెక్క పేపర్ నాప్‌కిన్ మీద వేసి చూపించింది. "ఖర్చు తగ్గించమని ఓటేసింది మేమే" అని ఆవిడే నవ్వింది కూడా.

ఇక అసలు కథ. మీ ప్రశ్నకి నా జవాబంతా ఇందులోనే ఉంది.

2011 నుంచి అక్కడి సభ్యుడు టిమ్ హ్యూల్స్‌కాంప్. ఫౌలర్ అనే పల్లెలో రైతు బిడ్డ. వ్యవసాయ విధానం మీద పీహెచ్‌డీ కూడా ఉంది. సిద్ధాంతంలో ఉక్కుముక్క. సొంత పార్టీ బడ్జెట్ కూడా సరిపడా కోత పెట్టలేదని వ్యతిరేకించాడు. 2012 డిసెంబరులో సొంత పార్టీ నాయకుడే అయిన హౌస్ స్పీకర్ బేనర్ వర్గం ఆయన్ని బడ్జెట్ కమిటీ నుంచీ, వ్యవసాయ కమిటీ నుంచీ తీసేసింది. బడ్జెట్ కమిటీ పోతే ఎవరికీ బాధ లేదు. వ్యవసాయ కమిటీ పోవడం మాత్రం ఊళ్ళకి పరువు సమస్య అయింది. ఆ సీటుకి ఉన్న చరిత్ర అలాంటిది. తర్వాత సెనేటర్‌గా పేరు తెచ్చుకున్న బాబ్ డోల్ ఒకప్పుడు ఆ సీటులో ఉన్నవాడే. పాట్ రాబర్ట్స్ అక్కడినుంచే వెళ్ళి 1995లో హౌస్ వ్యవసాయ కమిటీ చైర్మన్ అయ్యాడు, ఆ తర్వాత సెనేట్ వ్యవసాయ కమిటీకి కూడా. జెర్రీ మోరన్ ఆ సీటులో ఉన్నప్పుడు తన 69 కౌంటీలూ ఏటా తిరిగేవాడు.

కమిటీ ఎందుకంత ముఖ్యమంటే, ఫార్మ్ బిల్లు వల్ల. సుమారు ఐదేళ్ళకోసారి వస్తుంది. పంటల బీమా ప్రీమియంలో కేంద్రం ఎంత భరిస్తుందన్నది మొదలు సేద్యానికి ప్రాణాధారమైనవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. అయితే అందులో డబ్బు మూడొంతులకి పైగా పోయేది పేదల ఆహార సాయానికి, ఫుడ్ స్టాంపులకి. పల్లె సభ్యులు అంత తక్కువ మంది కదా, సిటీ సభ్యుల ఓట్లు లేకపోతే బిల్లు గట్టెక్కదు. మాకు బీమా, మీకు ఆహారం అన్న ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని 1970లలో నిలబెట్టినవాళ్ళలో కన్సర్వేటివ్ అయిన బాబ్ డోల్ ఒకడు, పక్కన ఉదారవాది జార్జ్ మెక్‌గవర్న్. 2013 జూన్‌లో ఈ బిల్లు హౌస్‌లో 195-234తో ఓడిపోయింది. ఓడించిన రిపబ్లికన్లలో హ్యూల్స్‌కాంప్ ఉన్నాడు. ఆహార సాయంలో కోత చాల్లేదన్నది వాళ్ళ వాదన. సిద్ధాంతపరంగా ఆయన చెప్పింది ఆ ఊళ్ళో చాలామంది కాఫీ దగ్గర చెప్పుకునేదే. ఇదే నాకు మొదట మింగుడుపడలేదు. తాము అనుకునేదే చెప్పిన మనిషి మీద వీళ్ళకి కోపమెందుకు?

మా పక్కింటి పెద్దాయన (గోధుమ రైతు, ట్రాక్టర్ కంటే పాత మనిషి) ఓ సాయంత్రం కంచె దగ్గర నిలబడి చెప్పాడు. "వాడు మా తరఫున గట్టిగా అరుస్తాడు బాబూ, కాదనను. కానీ బిల్లు రాసే గదిలోకి వాణ్ణి రానివ్వట్లేదు. గుమ్మం బయట నిలబడి అరిచేవాడు నాకెందుకు?"

2016 ప్రైమరీలో గ్రేట్ బెండ్ ఊరి ప్రసూతి డాక్టరు రోజర్ మార్షల్ పోటీకి దిగాడు. సిద్ధాంతంలో పెద్ద తేడా ఏమీ లేదు, ఆయనా కన్సర్వేటివే. ప్రచారమంతా ఒకటే పాట, వ్యవసాయ కమిటీలో మన కుర్చీ తిరిగి తెస్తా అని. కాన్సాస్ ఫార్మ్ బ్యూరో, పశుపోషకుల సంఘం ఆయనకే మద్దతిచ్చాయి. బయటి నుంచి రెండు వైపులా డబ్బు వరదలా వచ్చింది, అది దాచేదేం లేదు. మార్షల్ 56 శాతం ఓట్లతో గెలిచాడు, 2017లో వ్యవసాయ కమిటీలో కూర్చున్నాడు. న్యాయంగా చెప్పాలంటే హ్యూల్స్‌కాంప్ ఊళ్ళు తిరగడంలో తక్కువవాడేం కాదు, మాట కూడా మార్చలేదు. నిజాయితీకి మార్కులేస్తే నేను ఆయనకే ఎక్కువేస్తాను. కానీ మార్కులేసేది నేను కాదుగా.

ఖర్చు తగ్గించాలనే ఈ నాయకులే తమ వైపు వచ్చే చిన్న విమానాలకి, రైళ్ళకి కేంద్రం డబ్బు ఆగకుండా చూసుకుంటారు. 2018లో సౌత్‌వెస్ట్ చీఫ్ రైలుని డాడ్జ్ సిటీ నుంచి అల్బకర్కీ దాకా ఆపేసి బస్సులు వేస్తామని కేంద్రం డబ్బుతో నడిచే రైలు కంపెనీ ఆమ్‌ట్రాక్ అంటే, అప్పటికి సెనేటర్లుగా ఉన్న మోరన్, రాబర్ట్స్ ఇద్దరూ పక్క రాష్ట్రాల డెమోక్రాట్లతో కలిసి అడ్డుపడ్డారు. రైలు ఉండిపోయింది. దీన్ని ద్వంద్వనీతి అనేవాళ్ళున్నారు. అర్ధరాత్రి వేళ డాడ్జ్ సిటీ స్టేషన్లో చంటిపిల్లతో ఆ రైలెక్కినవాణ్ణి కాబట్టి నేను ఆ మాట అనలేను.

ఇక మా సొంత అనుభవం. మా మామగారి షష్టిపూర్తికి మా ఆవిడ ఇండియా వెళ్ళింది. జె-1 నుంచి హెచ్-1బికి మారాక మొదటి ప్రయాణం, కాబట్టి పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపింగ్ తప్పదు. అక్కడ కాన్సులేట్‌లో 221(జి) స్లిప్ చేతికిచ్చి, పాస్‌పోర్టు ఉంచుకుని, ఇంకా చూడాలన్నారు. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. వెబ్‌సైట్‌లో అదే మాట. ఇక్కడ ఆసుపత్రిలో ఉన్న రెండో డాక్టరు ఒక్కడే రాత్రీ పగలూ లాగుతున్నాడు. "వాషింగ్టన్‌కి కాదు, మన నాయకుడి ఇక్కడి ఆఫీసుకి ఫోన్ చెయ్" అని చెప్పింది ఆసుపత్రి అకౌంట్స్ ఆవిడే. అది సెనేటర్ ఆఫీసా, హౌస్ సభ్యుడి ఆఫీసా అన్నది ఇక్కడ అనవసరం. వలసల మీద గట్టిగా మాట్లాడే నాయకుడి ఆఫీసే అని మాత్రం చెబుతాను. అందుకే ఫోన్ చేసే ముందు అరగంట తటపటాయించాను.

ఎత్తినావిడ నా పౌరసత్వం అడగలేదు, పార్టీ అడగలేదు. జిప్ కోడ్ అడిగింది. తర్వాత ఒక ఫారం మెయిల్ చేసింది. మన వివరాలు ప్రభుత్వ శాఖ వాళ్ళకి చెప్పొచ్చని ఇచ్చే అనుమతి పత్రం అది. నేను సంతకం పెట్టి పంపితే వెనక్కి పంపింది, వీసా ఎవరిదో వాళ్ళే పెట్టాలని. మా ఆవిడ గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్లో ప్రింట్ తీసి, సంతకం చేసి, స్కాన్ చేసి పంపింది. ఆసుపత్రి నుంచి కూడా ఉత్తరం కావాలంది, ఎంతమంది పేషెంట్లు ఆగిపోయారో రాసి. "నేను అడగగలను, ఇవ్వమని చెప్పలేను" అని రెండుసార్లు చెప్పింది. పన్నెండో రోజున పాస్‌పోర్టు వచ్చింది. ఆవిడ అడగబట్టే వచ్చిందో, ఎలాగూ వచ్చేదో దేవుడికే తెలియాలి. మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే ఐదు వారాలు ఆగకండి, మొదటే చేయండి. ఫారంలో కేసు నంబరు తప్పు లేకుండా రాయండి.

ఆ తర్వాత జరిగిన టౌన్‌హాల్‌లో ఆవిణ్ణి మొదటిసారి చూశాను. గది వెనక, కాఫీ ఫ్లాస్కు పక్కన చిన్న బల్ల, పసుపు కాగితాల ప్యాడ్. ముందర నాయకుడు ఏ ఏ కేంద్ర శాఖలు మూసేయాలో వరసగా చెబుతున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. మీటింగ్ అయ్యాక ఆయనతో ఫొటో కోసం ఐదారుగురు నిలబడ్డారు. ఆవిడ బల్ల ముందు లైను తలుపు దాకా ఉంది. వియత్నాం యుద్ధం టోపీ పెట్టుకున్న ఒకాయన పెన్షన్ కాగితాల కట్టతో, సోషల్ సెక్యూరిటీ ఆగిపోయిన ఒక ముసలావిడ చేతికర్రతో, వాళ్ళ వెనక మా పక్కింటి పెద్దాయన. నేను పలకరిస్తే, పంట బీమా క్లెయిము అని చిన్నగా చెప్పి, ముందు నాయకుడి వైపు ఓసారి చూసి, లైనులో ఒకడుగు ముందుకేశాడు.