తిరుగు అనువాదం సరిపోయినా రోగులు తడబడుతుంటే

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను బిగుసుకుపోయే కీళ్లవాతం) రోగుల ప్రశ్నావళిని మీరు తెలుగులోకి తెచ్చారు. తిరిగి ఇంగ్లిష్‌లోకి మారిస్తే మూలంతో సరిపోయింది, అయినా రోగులు ‘ఉదయపు కాఠిన్యం’ దగ్గర ఆగిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు, ఆ మాటది. కాఠిన్యం అని కనబడగానే అనువాదకులు స్టిఫ్‌నెస్ అని రాసేస్తారు, లోపం బయటపడదు. రోగి మాత్రం ‘పొద్దున్నే నడుం పట్టేస్తోంది’ అంటారు. అదే వాడండి: ‘పొద్దున లేచాక, పట్టేసిన వెన్ను వదులు కావడానికి ఎంతసేపు పడుతుంది?’

తర్వాత కొందరు రోగుల పక్కన కూర్చుని, ప్రశ్నను వాళ్ల మాటల్లో చెప్పమనండి. పట్టేయడం వదిలేసి నొప్పి గురించి చెబుతుంటే వాక్యం ఇంకా కుదరనట్టే. తక్కువ చదువుకున్నవాళ్లను తప్పక పిలవండి, అసలు పరీక్ష అక్కడే.

అదే రోగులతో రెండోసారి నింపిస్తే స్కోర్లు కలవడం లేదని టెన్షన్ పడకండి. ఉదాహరణకు, ఈ జబ్బులో జీవన నాణ్యతను కొలిచే ఏఎస్‌క్యూఓఎల్ ప్రశ్నావళిలో 18 అవును/కాదు ప్రశ్నలే, స్కోరు 0 నుంచి 18; ఒక్క జవాబు మారినా స్కోరు మారుతుంది. రెండు వారాల తర్వాత మళ్లీ నింపించేటప్పుడు ‘అప్పటికీ ఇప్పటికీ జబ్బు అలాగే ఉందా?’ అని అడిగి, అలాగే ఉన్నవాళ్లవే పోల్చండి. క్రాన్‌బాక్ ఆల్ఫా అనే గణాంక కొలతలో మీకు వచ్చిన 0.9 ప్రశ్నల మధ్య పొందికనే చూపుతుంది, రోగికి అర్థమైందని కాదు.

మాటలు మార్చేముందు హక్కుదారుల అనుమతి తీసుకోండి.