పన్నెండు వేలలో గేమింగ్ మానిటరు

ప్రశ్న: మా అబ్బాయి బి.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాడు. విడిభాగాలు కొని తానే బిగించుకున్న కంప్యూటరులో జి.టి.ఎక్స్. 1650 గ్రాఫిక్స్ కార్డు ఉంది. మానిటరు మాత్రం నేను ఎప్పుడో ఆఫీసు పనికోసం కొన్న 19 అంగుళాలదే. ఎక్కువగా వాలొరెంట్, అప్పుడప్పుడు జి.టి.ఎ. 5 ఆడతాడు. కొత్త మానిటరుకు పన్నెండు వేల దాకా పెట్టగలను. దుకాణంలో 27 అంగుళాల వంపు తెర చూపించి, 165 హెర్ట్జ్, 1 మిల్లీసెకను, హెచ్.డి.ఆర్. అన్నీ ఉన్నాయని, జి.ఎస్.టి. తగ్గినందువల్ల ఇప్పుడు చవకగా వస్తోందని చెబుతున్నారు. దేన్ని చూసి కొనాలి?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: మానిటరు కొనేముందు చూడవలసింది మీ ఇంట్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డును. ఆటలో కదలికగా కనిపించేదంతా ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే నిశ్చల చిత్రాల వరుసే, వాటినే ఫ్రేములంటారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు తయారుకావాలన్నది కార్డు చేతిలోనూ, వాటిలో ఎన్నింటిని మీ కళ్లముందు పెట్టాలన్నది మానిటరు చేతిలోనూ ఉంటుంది. హెర్ట్జ్ అని అట్టపెట్టె మీద రాసేది ఈ రెండో లెక్కనే. 60 హెర్ట్జ్ తెర ఒక్కొక్క ఫ్రేమును దాదాపు 16.7 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది. 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకే తరువాతి దానికి వెళ్లిపోతుంది. గోడ మూలనుంచి ఎదుటి ఆటగాడు తొంగిచూసే క్షణం వాలొరెంట్ వంటి ఆటలో ఎంత ముఖ్యమో మీ అబ్బాయిని అడిగితే చెబుతాడు. అది తేలికగా నడిచే ఆట కనుక, సెట్టింగులు కొంత తగ్గించుకుంటే ఆ కార్డు 1920×1080 తెర (అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఉన్నది) మీద సెకనుకు 144 ఫ్రేములు ఇవ్వగలదు. కాబట్టి ఎక్కువ హెర్ట్జ్ ఉన్న మానిటరు అతనికి వృథా కాదు.

అయితే ఆ కార్డుకు శక్తి అంతవరకే. 2560×1440 తెరలో 36.9 లక్షల చుక్కలు ఉంటాయి, 1920×1080లో 20.7 లక్షలే. ప్రతి ఫ్రేముకూ ఒకటిన్నర రెట్లకు పైగా పని మోయవలసివస్తే 1650 అలసిపోతుంది. ఇక పన్నెండు వేలలోపు దొరికే 27 అంగుళాల గేమింగ్ తెరల్లో ఎక్కువభాగం 1920×1080వే కనుక ఇంకొక ఇబ్బంది వస్తుంది: అవే చుక్కలు పెద్ద తెర మీద పరచుకోవడంతో అంగుళానికి 82 చుక్కలే మిగులుతాయి. 24 అంగుళాల తెరలో అవి 92 ఉంటాయి. ఆటలో ఈ తేడాను సర్దుకోవచ్చు గాని, రేపు అదే తెర మీద కోడ్ రాసుకోవలసిన విద్యార్థికి అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. బల్ల ముందు రెండడుగుల దూరంలో కూర్చునేవారికి 24 అంగుళాలు చాలు.

తరువాత ప్యానెల్, అంటే బొమ్మను చూపించే తెర పలక. ఒకప్పుడు వేగం కావాలంటే టి.ఎన్. ప్యానెల్ తప్ప దారి ఉండేది కాదు. కాస్త పక్కకు జరిగి చూస్తే రంగులు వెలిసిపోయేవి. ఇప్పుడు ఐ.పి.ఎస్. ప్యానెల్‌లు ఇంచుమించు అదే ధరకు వస్తున్నందువల్ల టి.ఎన్. వైపు చూడనక్కరలేదు. అసలు పోటీ ఐ.పి.ఎస్.కూ, వి.ఎ. అనే మరొక రకానికీ మధ్యనే ఉంది. మీకు చూపించిన వంపు తెర దాదాపు తప్పకుండా వి.ఎ. ప్యానెలే అయివుంటుంది. దానికొక మంచి గుణం ఉంది: ఐ.పి.ఎస్. తెరలో తెలుపు నలుపుల మధ్య తేడా సుమారు వెయ్యి రెట్లయితే, వి.ఎ.లో అది మూడువేల దాకా పోతుంది, నలుపు నల్లగానే కనిపిస్తుంది. రాత్రి దీపాలార్పి సినిమాలు చూడటమే ముఖ్యమైన పని అయితే నేనూ వి.ఎ.నే తీసుకోమనేవాణ్ని. కాని చవకరకం వి.ఎ. తెరల్లో చీకటి రంగులు మారడానికి చాలా సమయం పడుతుంది. ఫ్రేము 6.9 మిల్లీసెకన్లకు మారుతుంటే నలుపు నుంచి ముదురు బూడిదకు రావడానికి చుక్కకు ఇరవై మిల్లీసెకన్లు పట్టవచ్చు. అప్పటికి రెండు మూడు ఫ్రేములు దాటిపోయి ఉంటాయి, కదిలే వస్తువు వెనుక నల్లటి మసక తోకలా సాగుతుంది. దీన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. నల్లని నేపథ్యం మీద బూడిదరంగు అక్షరాలున్న పేజీ ఏదైనా తెరిపించి, మౌసు చక్రాన్ని తిప్పి వేగంగా పైకీ కిందికీ జరపండి. అక్షరాల కింద నీడలు ఈడ్చుకుంటూ వస్తే ఆ తెర ఈ ఆటలకు పనికిరాదు. వంపు విషయానికి వస్తే, ఈ పరిమాణంలో దానివల్ల చెప్పుకోదగిన ప్రయోజనమేమీ లేదు.

అట్టపెట్టె మీది 1 మిల్లీసెకను అన్న మాట మీద నాకు మొదటినుంచీ అభ్యంతరం ఉంది. కొలిచే పద్ధతులు రెండున్నాయి. ఒక బూడిదరంగు ఇంకొక బూడిదరంగుగా మారడానికి పట్టే కాలాన్ని జి.టి.జి. అంటారు. కంటికి మసక ఎంతసేపు కనిపిస్తుందన్నదాన్ని ఎమ్.పి.ఆర్.టి. అంటారు. తెర వెనుక దీపాన్ని ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఆర్పి వెలిగిస్తే, ప్యానెల్ ఎంత నెమ్మదైనదైనా ఎమ్.పి.ఆర్.టి. 1కి దిగిపోతుంది. అలా చేసినప్పుడు తెర వెలుతురు బాగా తగ్గుతుంది. ఫ్రీసింక్ (దీని సంగతి కింద చెబుతాను) వాడుకోవడానికీ సాధారణంగా వీలుండదు. పెట్టె మీద 1 పక్కన ఏ అక్షరాలున్నాయో చూడండి. ఏ అక్షరాలూ లేకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

ఫ్రీసింక్ మాత్రం నిజంగా విలువైనది. జి.టి.ఎ.లో దృశ్యాన్ని బట్టి కార్డు ఒకసారి 90, ఇంకొకసారి 55 ఫ్రేములు ఇస్తుంటుంది. మానిటరు తన వేగంతో తాను నడిస్తే పై సగంలో ఒక ఫ్రేము, కింది సగంలో మరొక ఫ్రేము కనిపించి బొమ్మ మధ్యలో చినిగినట్లవుతుంది. ఫ్రీసింక్ ఉంటే కార్డు ఇచ్చినప్పుడే మానిటరు మారుస్తుంది. ఇది ఎ.ఎమ్.డి. తెచ్చిన పేరే అయినా, 2019 జనవరి నుంచి ఎన్‌విడియా జి.టి.ఎక్స్. 10 వరుస, ఆ తరువాతి కార్డులతోనూ పనిచేస్తోంది. మీ 1650 అందులోకి వస్తుంది. ఒక్క షరతు: డిస్‌ప్లే పోర్టు కేబులుతో కలపాలి. చవక మానిటర్లతో పాటు చాలాసార్లు హెచ్.డి.ఎమ్.ఐ. కేబులు ఒక్కటే ఇస్తారు కనుక, కొనేటప్పుడే మానిటరుకు డిస్‌ప్లే పోర్టు ఉందా, పెట్టెలో ఆ కేబులు ఉందా అని అడగండి. హెచ్.డి.ఆర్. (వెలుగు నీడల తేడాను మరింత ఎక్కువగా చూపే పద్ధతి) ముద్ర కోసం ఈ ధరలో రూపాయి కూడా అదనంగా ఇవ్వవద్దు. ఆ సంకేతాన్ని తీసుకోగలదని దాని అర్థమే తప్ప, అందుకు తగిన వెలుతురు ఈ తెరల్లో ఉండదు.

జి.ఎస్.టి. మాట సరికాదు. 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గినది 32 అంగుళాలకు పైబడిన టీవీలకూ మానిటర్లకూ మాత్రమే. అంతకన్న చిన్నవాటికి 2019 జనవరి 1 నుంచే 18 శాతం ఉంది.

కనుక మీరు అడగవలసినది ఇది: 24 అంగుళాల సమతల ఐ.పి.ఎస్. తెర, 1920×1080, 144 నుంచి 180 హెర్ట్జ్, ఫ్రీసింక్, డిస్‌ప్లే పోర్టు. పేరున్న కంపెనీలవే మీ డబ్బులో వస్తాయి. సర్వీసు కేంద్రం రాజమహేంద్రవరంలో ఉందా, విజయవాడ దాకా మోసుకుపోవాలా అన్నది కూడా తెలుసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి, ఆ రోజే తెరనిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒక్కొక్కటిగా పెట్టి చచ్చిన (రంగు మారని) చుక్కలున్నాయేమో చూడండి. ఒకటి రెండు చుక్కలకు చాలా కంపెనీల వారంటీ వర్తించదు గనుక, వెనక్కి ఇచ్చే గడువులోనే తేల్చుకోవాలి.

ప్రశ్న: సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి 144 హెర్ట్జ్ మానిటరు కొన్నాను. పాతదానికీ దీనికీ ఏ తేడా కనిపించడం లేదు. మోసపోయానా?
– ఒక విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: తొందరపడి దుకాణదారును అనుమానించకండి. కొత్త మానిటరు తగిలించినప్పుడు విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, దాని కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు (ఈ హెర్ట్జ్ లెక్కే) ఎంచుకునే చోటు కనిపిస్తుంది. అక్కడ 144 ఎంచుకుని, మౌసు బాణాన్ని తెర మీద గుండ్రంగా వేగంగా తిప్పండి. ఇంతకుముందు దూరదూరంగా అచ్చుపడిన బాణాలు ఇప్పుడు దగ్గరదగ్గరగా చేరి గీతలా సాగుతాయి. ఆ జాబితాలో 144 లేకపోతే కంప్యూటరు వెనుకకు వెళ్లి చూడండి. కేబులు మదర్‌బోర్డు పోర్టులో పెట్టి ఉంటే గ్రాఫిక్స్ కార్డు పోర్టులోకి మార్చండి. పోర్టులు నిలువుగా ఉన్న వరుస మదర్‌బోర్డుది, అంతకు కింద అడ్డంగా ఉన్నవి కార్డువి. అప్పటికీ రాకపోతే పాత హెచ్.డి.ఎమ్.ఐ. కేబులును పక్కనపెట్టి డిస్‌ప్లే పోర్టు కేబులు వాడండి. ఇవన్నీ చేశాక కూడా ఆటలో తేడా లేకపోతే, మీ కార్డు ఆ ఆటలో సెకనుకు 60 ఫ్రేములకు మించి ఇవ్వకపోతుండవచ్చు; ఆటలోనే ఫ్రేముల సంఖ్య చూపించే సదుపాయాన్ని పెట్టుకుని సరిచూసుకోండి.

ప్రశ్న: ఇంట్లో 32 అంగుళాల టీవీ ఖాళీగా ఉంది. దాన్నే గేమింగ్ మానిటరుగా వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కొత్తది కొనేదాకా వాడుకోవచ్చు. 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 1366×768 చుక్కలే ఉంటాయి కనుక బల్ల మీద దగ్గరగా పెట్టుకుంటే అక్షరాలు చదవడం కష్టం. మంచం మీద కూర్చుని దూరంనుంచి ఆడే క్రికెట్, కారు పందేల ఆటలకు సరిపోతుంది. టీవీ ప్రతి బొమ్మనూ మెరుగులు దిద్ది చూపించే ప్రయత్నం చేస్తుంది కాబట్టి మీట నొక్కడానికీ తెర మీద కదలిక రావడానికీ మధ్య ఆలస్యం తెలుస్తుంది. మెనూలో గేమ్ మోడ్ ఉంటే ఆ మెరుగులన్నీ ఆగిపోయి ఆలస్యం బాగా తగ్గుతుంది. లేకపోతే చిత్రాన్ని మెరుగుపరిచే సెట్టింగులన్నింటినీ ఒక్కొక్కటిగా ఆపేసి చూడండి.