వేట నిషేధంలో మరబోట్లు కనబడితే ఎవరికి, ఎలా చెప్పాలి? మా ఊరి అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని తీరగ్రామం. వేట నిషేధం అమల్లో ఉండగానే రాత్రిపూట మరబోట్లు మీ ఊరికి ఎదురుగా వలలు లాగుతున్నాయి. ఎవరికి చెప్పాలి, చెబితే మీ పేరు బయటపడుతుందా, అసలు చర్య అంటూ ఏమైనా ఉంటుందా అని అడిగారు. నేను శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి ఉత్తరాన ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో పుట్టినవాణ్ణి. చుట్టుపక్కల బడుల్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, మా ఊరి మత్స్యకార సహకార సంఘానికి అర్జీలు రాసిపెట్టే బాధ్యతను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ఆ అర్జీలలో కొన్ని ఎందుకు వృథా అయ్యాయో, కొన్ని ఎందుకు ఫలించాయో తెలిసినంత వరకు చెబుతాను.

ముందుగా ఏది తప్పో నిర్ధారించుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం పెట్టారు. మన రాష్ట్రంలో ఇది మరబోట్లకూ, మోటారు బిగించిన ఫైబర్ పడవలకూ వర్తిస్తుంది. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే నాటు తెప్పలకు వర్తించదు. ఇది కాక 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఏడాది పొడవునా ఉండే నియమం మరొకటి ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి, మరబోట్లు అందులో వల వేయకూడదు. చాలామంది నిషేధ కాలాన్ని మాత్రమే గుర్తుపెట్టుకొని ఈ రెండవ నియమాన్ని మరచిపోతారు. మీ ఊరి ఎదుట జరుగుతున్నది ఈ రెండింటికీ విరుద్ధమే కావచ్చు కనుక ఫిర్యాదులో రెండూ రాయండి. జూన్ 14 దాటాక విషయం ముగిసిపోయిందని ఎవరైనా అన్నప్పుడు 8 కిలోమీటర్ల మాట మిగిలే ఉంటుంది.

మా మొదటి ఫిర్యాదు సంగతి చెప్పాలి. ఒక సంక్రాంతి ముందు వారంలో మూడు మరబోట్లు తెల్లవారుజామున మా నీళ్లలోకి వచ్చి, మావాళ్లు వేసి ఉంచిన వలల మీదుగా ట్రాల్ (బోటు వెనుక ఈడ్చే పెద్ద వల) లాక్కుపోయాయి. ఆరు కుటుంబాల వలలు తెగిపోయాయి. మరునాడు పదిహేను మందిమి కలిసి సంబంధిత కార్యాలయానికి వెళ్లాం. అక్కడి అధికారి అడిగినవి మూడే ప్రశ్నలు. బోటు నంబరు ఎంత, ఏ సమయంలో చూశారు, తీరానికి ఎంత దూరంలో ఉంది. మా దగ్గర ఉన్న సమాధానం "మా ఊరి ఎదురుగానే సార్" అన్నది ఒక్కటే. ఆయన అర్జీ తీసుకున్నారు, మేము తిరిగి వచ్చాం, ఆ తరువాత ఏ కబురూ రాలేదు. ఆ రోజు నాకు ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. అయితే తరువాత ఆలోచిస్తే, నంబరు లేని బోటును పట్టుకోమని అడిగామని తెలిసింది. అధికారుల దగ్గర ప్రతి ఊరికీ ఒక గస్తీ బోటు ఉండదు. సముద్రం మీద తప్పు చేసిన బోటును వారు చాలాసార్లు పట్టుకోగలిగేది అది రేవుకు చేరినప్పుడే. రేవులో వందల బోట్ల మధ్య దానిని గుర్తుపట్టడానికి ఆధారం నంబరు మాత్రమే.

దూరం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ ఫిర్యాదులు వీగిపోయేది ఇక్కడే. భూమి గుండ్రంగా ఉండడం వల్ల నీటి అంచున నిలబడ్డ మనిషికి సముద్రం ఆకాశాన్ని తాకే గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బోటు అడుగు నీటిని తాకే చోటు స్పష్టంగా కనబడుతూ, దాని వెనుక ఇంకా కొంత నీరు కనబడుతోందంటే ఆ బోటు ఆ గీతకు ఇవతలే, అంటే 8 కిలోమీటర్లకు ఎంతో లోపలే ఉన్నట్టు. సముద్ర మట్టానికి మీ కళ్లు 5 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ గీత దాదాపు 8 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. కనుక తీరాన ఉన్న మేడ మీద నుంచి చూసినదానికీ, ఇసుక మీద నుంచి చూసినదానికీ తేడా ఉంది. గాలిలో వెలుగు కొద్దిగా వంగడం వల్ల గీత ఇంకాస్త దూరంగా కూడా కనబడవచ్చు, అందుచేత వాదనకు తావు లేకుండా ఉండాలంటే నీటి అంచున నిలబడి చూసినదే రాయండి. మా బడి పిల్లలకు ఈ లెక్క నల్లబల్ల మీద చెప్పిన నేనే, సొంత ఊరి అర్జీలో దానిని వాడవచ్చని చాలా ఆలస్యంగా గ్రహించాను.

రాత్రిపూట ఈ పద్ధతి పనికిరాదు. చీకట్లో కనబడేది బోటు కాదు, దాని పైన వెలిగే దీపం. దీపం నీటికి నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే ఇసుక మీద నిలబడ్డవారికి అది పది కిలోమీటర్ల అవతల నుంచి కూడా కనబడుతుంది. ఎన్ని దీపాలు కనబడ్డాయో అన్ని బోట్లూ హద్దు దాటాయని రాస్తే అవతలి వారు ఒక్క ప్రశ్నతో కొట్టివేస్తారు. మీరు రాత్రి చూసిన దీపాల సమయం రాసిపెట్టుకొని, తెల్లవారేవరకు ఆగి, వెలుగు రాగానే మళ్లీ చూడండి. రాత్రంతా వల లాగిన బోటు చాలాసార్లు ఆ వేళకు ఇంకా అక్కడే ఉంటుంది. దగ్గరగా వెళ్లి చూడాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త అవసరం. నిషేధ కాలంలో మోటారు పడవ తీసుకొని వెళితే వేటకు వెళ్లలేదని మీరు నిరూపించుకోవలసి వస్తుంది. తెడ్డు తెప్ప మీద, ఇద్దరికి తక్కువ కాకుండా, వలలు లేకుండా వెళ్లండి. ఫోనులోని జీపీఎస్, ఫోను సిగ్నలు లేని చోట కూడా పనిచేస్తుంది కనుక మీరు ఉన్న స్థానం అంకెలు అలాగే తెరమీద నుంచి ఫోటో తీసుకోండి. పాత జీపీఎస్ పరికరాలు నాటికల్ మైళ్లలో చూపిస్తాయి. 8 కిలోమీటర్లు అంటే సుమారు 4.3 నాటికల్ మైళ్లు.

బోటు నంబరు ఎలా ఉంటుందో తెలిస్తే సగం చెరిగిపోయినా చదవగలుగుతారు. మొదట ఐ.ఎన్.డి. అని దేశం పేరు, తరువాత ఏ.పి. అని రాష్ట్రం, ఆ తరువాత జిల్లా గుర్తు, ఆపైన మరబోటయితే ఎం.ఎం., మోటారు పడవయితే ఎం.ఓ., చివర అంకెలు. ఒడిశా బోటయితే రాష్ట్రం దగ్గర ఓ.డి. ఉంటుంది. నంబరుకు గుడ్డ కట్టి దాచినా, రంగు పూసినా, ఆ విషయమే రాయండి, ఎందుకంటే నంబరు దాచడం కూడా ఫిర్యాదులో పెట్టదగినదే. క్యాబిన్ రంగు, పేరు, జెండా, ముందుభాగం మీది బొమ్మ వంటివి అన్నీ గమనించండి. ఫోటోలో బోటుతో పాటు కదలని గుర్తు ఒకటి పడేటట్టు చూసుకోండి. మాకు కళింగపట్నం దీపస్తంభం ఆ విధంగా ఉపయోగపడింది.

ఇక ఎవరికి చెప్పాలన్నది. విజయనగరం జిల్లా తీరం 28 కిలోమీటర్లే, మా జిల్లా తీరం 193 కిలోమీటర్లు. అందువల్ల మీకు ఒక సౌలభ్యం ఉంది, మీ తీరమంతా భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే ఉంటుంది. ముందుగా మీ సచివాలయంలోని గ్రామ మత్స్య సహాయకుడికి ఫోను చేయండి, వెంటనే మండల స్థాయిలోని మత్స్యాభివృద్ధి అధికారికి ఫోటోలూ స్థానం అంకెలూ పంపండి, అదే సందేశాన్ని మెరైన్ పోలీసులకు కూడా పంపండి. ఫోను చేయడం ఒక్కటే సరిపోదు, రాతపూర్వక సందేశం తేదీతో సహా మిగలాలి. ప్రాణాపాయం ఉన్న పరిస్థితి అయితే 112కు, సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉంటే కోస్ట్ గార్డు వారి 1554కు చేయండి. బోటు ఏ రేవు వైపు తిరిగిందో చెప్పగలిగితే అక్కడి అధికారులకు కబురు పంపమని అడగండి. ఈ పని ఆ ఉదయమే జరగాలి, ఎందుకంటే చేప అమ్ముడయి మంచు కరిగిపోయాక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. వారం రోజుల్లో జవాబు రాకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తరువాత కూడా స్పందన లేకపోతే మీ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, దానికి 30 రోజుల గడువు ఉంటుంది.

మీ పేరు గురించిన భయం సహజమైనదే. మా ఊళ్లో మేము ఎప్పుడూ వ్యక్తి పేరు మీద ఇవ్వలేదు, సంఘం కాగితం మీద, సంఘం ముద్రతో ఇచ్చాం. మీరు ఒక్కరే ఇవ్వవలసి వస్తే అర్జీ పైభాగంలోనే "ఇది గోప్యంగా ఇస్తున్న సమాచారం" అని స్పష్టంగా రాయండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జి) ప్రకారం, చట్టం అమలుకు నమ్మకంగా సమాచారం ఇచ్చినవారెవరో తెలిసిపోయే వివరాలనూ, ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చే వివరాలనూ బయటపెట్టనవసరం లేదు.

ఒక పని మాత్రం చేయకండి. కోపంలో బోటును చుట్టుముట్టి ఒడ్డుకు లాక్కురావడం, కళాసీలను, అంటే బోటు మీది పనివాళ్లను, కట్టివేయడం చేయవద్దు. మా పక్క ఊరిలో అలా చేశారు. హద్దు దాటిన బోటు మీద కేసు నడవకముందే కళాసీలను నిర్బంధించారని ఊరివారి మీద కేసు వచ్చింది, పదకొండు మంది రెండేళ్లు కోర్టుకు తిరిగారు. ఆ కళాసీలు కూడా కూలికి వచ్చిన మత్స్యకార బిడ్డలే. మన జిల్లాల నుంచి ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అలాగే పరాయి బోట్ల మీద పనిచేస్తున్నారు కదా.

మీరు అడగకపోయినా చెప్పవలసిన సంగతి ఒకటి మిగిలింది. బయటి బోట్ల మీద ఫిర్యాదు చేసే ముందు మీ ఊరి ఫైబర్ పడవలు నిషేధంలో ఒడ్డునే ఉన్నాయో లేదో చూసుకోండి. మా రెండవ ఫిర్యాదుకు సిద్ధమవుతున్నప్పుడు నా సొంత బావమరిది రాత్రిపూట మోటారు పడవ వేసుకొని వెళుతున్నాడని తెలిసింది. అడిగితే, "రెండు నెలలు పిల్లలకి ఏటి పెట్టమంటావు బావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 2025 ఏప్రిల్‌లో మా జిల్లా బుడగట్లపాలెంలోనే ప్రారంభమైన పథకంతో విరామ భృతి 20 వేల రూపాయలు అయింది, అంతకుముందు 10 వేలే. అప్పుడు అతనికి ఆ పదివేలు కూడా జాబితాలో పేరు తప్పు పడి రాలేదు. అధికారికి అతని గురించి చెప్పలేదు, చెప్పకుండా ఊరుకోనూ లేదు. రామాలయం దగ్గర పెద్దల సమక్షంలో విషయం పెట్టాను. పేరు సరిచేయించే బాధ్యత సంఘం తీసుకుంది, పడవ ఇంజిను జూన్ 14 వరకు సంఘం గదిలో పెట్టాలని నిర్ణయించారు. నా భార్య నాతో పది రోజులు మాట్లాడలేదు. అయినా ఆ పని ముందు చేసి ఉండకపోతే, విచారణకు వచ్చిన అధికారి ఎదుట అవతలి సరంగు (బోటు నడిపేవాడు) "మీవోళ్లు ఎళ్లట్లేదా?" అని అడిగినప్పుడు మేమంతా తలవంచుకోవలసి వచ్చేది. ఆ సరంగు నిజంగానే ఆ మాట అడిగాడు.

తాబేళ్ల విషయం కూడా అదే సందేశంలో చేర్చవచ్చు. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి, ట్రాల్ వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చనిపోతాయి. వల నుంచి తాబేలు బయటపడే పరికరం బిగించడం అందుకే తప్పనిసరి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలు కనబడితే తాకకుండా ఫోటో తీసి, అటవీశాఖ రేంజి అధికారికి తెలపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి కనుక అటవీశాఖ కూడా ఈ విషయంలోకి వస్తుంది.

మా రెండవ ఫిర్యాదులో రెండు బోట్ల నంబర్లు, నాలుగు ఫోటోలు, తెప్ప మీద నుంచి తీసిన స్థానం అంకెలు ఉన్నాయి. ఉదయం ఆరున్నరకు సందేశం వెళ్లింది. మధ్యాహ్నానికి ఒక బోటును రేవులో ఆపారు, చేపను వేలం వేశారు, యజమానికి జరిమానా పడింది. రెండవ బోటు దొరకలేదు. తెగిన వలలకు పరిహారం పెద్దల మధ్య మాటల్లో కొంత వచ్చింది, ఆరు కుటుంబాలకు పూర్తిగా సరిపోలేదు. ఆ రోజు నుంచి సంఘం గదిలో ఒక నోటుపుస్తకం ఉంచాం. తేదీ, సమయం, నంబరు, ఎక్కడ నిలబడి చూశారు, ఎవరెవరు చూశారు అన్న గీతలు కొట్టి ఉంటాయి, చదువుకున్న పిల్లలు వంతులవారీగా రాస్తారు. మీరు కూడా ఫోను చేయడానికి ముందు అటువంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. గీతలు ఎలా కొట్టుకోవాలో కావాలంటే ఇక్కడే అడగండి, మా పుస్తకంలో ఉన్నట్టు రాసిపెడతాను.