కీమో వార్డులో బొమ్మలాట.. బాబును పంపవచ్చా?

ప్రశ్న: మాది ధర్మవరం. మా బాబుకు ఆరేళ్లు. బ్లడ్ క్యాన్సర్ (ఏఎల్‌ఎల్) అని తేలడంతో బెంగళూరులో కీమో చేయిస్తున్నాం. సూది అంటేనే వణికిపోతున్నాడు. నర్సులతో అసలు మాట్లాడడు. వారానికోసారి ఓ బృందం వార్డుకొచ్చి పిల్లలతో బొమ్మలాట ఆడిస్తోంది, గిటార్ వాయిస్తూ పాటలు పాడుతోంది. ఇన్‌ఫెక్షన్ వస్తుందని మా అత్తగారు వద్దంటున్నారు. పంపవచ్చా? దానివల్ల ఉపయోగం ఉంటుందా?
- ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: కౌంట్ (రక్తంలో తెల్ల కణాల లెక్క) బాగున్న రోజున తప్పకుండా పంపండమ్మా. మీ అత్తగారి భయం కూడా తీసిపారేసేది కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆస్పత్రిలో చేరాక పిల్లల మాట ఎక్కడా చెల్లదు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఏ చేతికి సూది వేయించుకోవాలి, అన్నీ పెద్దవాళ్లే తేలుస్తారు. బొమ్మ అలా కాదు. పొమ్మంటే పోతుంది, పాడమంటే పాడుతుంది. ఫోన్‌లో కార్టూన్ పెట్టినా కాసేపు నొప్పి మరిచిపోతాడు కానీ, ఆ కార్టూన్ వాడి మాట వినదు. అందుకే ఊరికే చూసే ప్రదర్శన కన్నా పిల్లాడు మధ్యలో దూరి నడిపించే ఆటకే నా ఓటు. గుమ్మం దగ్గర ఆగి ‘లోపలికి రావచ్చా?’ అని వాడినే అడిగే బృందమైతే పని తెలిసినవాళ్లే. వాడు వద్దంటే మీరూ బతిమాలకండి. ఒక్క చోటైనా వాడి ‘వద్దు’ చెల్లనివ్వండి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. న్యూయార్క్‌లో బిగ్ యాపిల్ సర్కస్ 1986లోనే పిల్లల ఆస్పత్రికి విదూషకులను పంపడం మొదలుపెట్టింది. సూది వేసేటప్పుడు ధ్యాస మళ్లిస్తే పిల్లలకు నొప్పి, భయం తగ్గుతాయని పరిశోధనల్లోనూ తేలింది. అయితే బొమ్మ నొప్పి మందు కాదు. సూదికి గంట ముందు రాసే మత్తు క్రీమ్ ఉంటుంది, వాడొచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. వెన్నులో సూది వేసే రోజున మత్తు ఎలా ఇస్తారో కూడా ముందే తెలుసుకోండి. బొమ్మను చూపించి, వెనక నుంచి సూది గుచ్చే పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. మర్నాటి నుంచి బొమ్మ కనిపించినా ఏడుస్తాడు. దానికన్నా, ముందు బొమ్మ చేతికి కాన్యులా (మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టి, ప్లాస్టర్ బాబుతోనే వేయించమని నర్సును అడగండి. ‘నొప్పే ఉండదు’ అని అబద్ధం చెప్పొద్దు.

మాట్లాడటం లేదన్నారు కదా, అదంతా భయమేనని అనుకోకండి. నోట్లో పుళ్లున్నాయేమో చూడండి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఇచ్చాక కొందరికి దవడ నొప్పి వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. స్టెరాయిడ్స్‌తో చిరాకు, ఏడుపు ఎక్కువవుతాయి. ఇవేవైనా ఉంటే డాక్టర్‌కు చెప్పండి. పైగా చుట్టూ కన్నడమో ఇంగ్లిషో వినపడుతుంటే ఆరేళ్ల పిల్లాడు ఏం మాట్లాడతాడు? ఆ బృందంలో తెలుగు వచ్చినవాళ్లున్నారేమో కనుక్కోండి. లేకపోతే మీరు ఇంట్లో పాడే పాట ఒకటి వాళ్లకు నేర్పండి.

ఇక ఇన్‌ఫెక్షన్. రక్త పరీక్షలో ఏఎన్‌సీ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్ల కణాల లెక్క) 500 కన్నా తగ్గితే పదిమంది చేరే చోటికి పంపకండి. డాక్టర్ ఒప్పుకుంటే ఒక్కరే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఆడించవచ్చు. జలుబు, దగ్గు, విరేచనాలు, ఒంటిమీద పొక్కులు ఉన్నవాళ్లు ఎవరైనా సరే రాకూడదు. చేతులు కడుక్కోవడం అందరికీ తప్పనిసరి. ఒకే గుడ్డ బొమ్మ మంచం మంచానికీ తిరగకూడదు. ఉతికిందో, తుడవడానికి వీలైన ప్లాస్టిక్‌దో ఉండాలి. బాబుకు సొంతంగా ఒకటి కావాలంటే ఉతికిన సాక్సుకు కళ్లు, నోరు గీసి చేతికి తొడగండి.

మీ ఊరి పక్కనే నిమ్మలకుంట కదా, తోలుబొమ్మ తెచ్చిద్దామనీ అనిపించవచ్చు. మేక తోలు బొమ్మను సబ్బుతో ఉతకలేం. కౌంట్ తక్కువగా ఉన్న పిల్లాడి చేతికి ఇవ్వడం నాకైతే ఇష్టం లేదు. తెర వెనక ఆడించి, దూరం నుంచి చూపిస్తే ఇబ్బంది లేదు.

పాటల విషయానికొస్తే, వార్డులో డప్పులు, మైకులు వద్దు. ఎదురుగా కూర్చుని పాడే మనిషి పిల్లాడి ఊపిరిని బట్టి పాట నెమ్మది చేయగలడు, కళ్లు మూతపడుతుంటే ఆపగలడు. ఫోన్‌కు అది తెలియదు. అమెరికాలో 11 ఆస్పత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన 272 మంది పసికందులపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. అమ్మానాన్నలు ఎంచుకున్న పాటను పక్కనే జోలగా పాడితే బిడ్డల గుండె వేగం నెమ్మదించిందని, తల్లిదండ్రుల ఆందోళనా తగ్గిందని అందులో తేలింది. మీ బాబు వయసు, జబ్బు వేరనుకోండి. అయినా రాత్రిపూట మీరు పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆట మధ్యలో ఒళ్లు వెచ్చబడితే ‘అలసిపోయాడులే’ అని ఊరుకోవద్దు. 100.4 ఫారిన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసేముందే సిస్టర్‌కు చెప్పండి. ఇంటి దగ్గరుంటే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.